ఇరవై ఏళ్ళ ప్రతిజ్ఞ: డాక్టర్ జాకిర్ హుసేన్ జీవితం నేర్పే పాఠం

కోనసీమ రైతు కొబ్బరి మొక్క నాటేటప్పుడు మరుసటి ఏడాదే కాయలు దించుతానని అనుకోడు. దేశవాళీ మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుందని అతనికి తెలుసు. అందుకే విత్తనపు కాయ ఏ చెట్టుదో చూసుకుంటాడు. గొయ్యి ఎంత లోతు తీయాలో, మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం వదలాలో, కాపు వచ్చేదాకా ఏ అంతర పంట వేసి ఇల్లు గడుపుకోవాలో ముందే ఆలోచించుకుంటాడు. 1996 నవంబరు 6న వచ్చిన పెనుతుఫానులో కోనసీమ తోటలు నేలకొరిగాయి. కళ్ళ ముందే సర్వస్వం పోయిన రైతులు కొన్నాళ్ళు దుఃఖించి, మళ్ళీ గోతులు తీసి మొక్కలు పెట్టారు. ఫలితం అల్లాహ్ చేతిలో ఉందని తెలిసినా, గొయ్యి తీయవలసింది తామేనని వారు మరచిపోలేదు.

ఒక చెట్టు గురించి ఇంతగా ఆలోచించే మనం, అల్లాహ్ మనకు అమానతుగా ఇచ్చిన ఈ జీవితం గురించి ఎంత ఆలోచిస్తున్నాము?

మా కాట్రేనికోన ప్రాంతంలో ఇంటింటికీ తెలిసిన కథ ఒకటుంది. ఇంటరు తప్పిన కుర్రవాడు అప్పు చేసి వీసా తెచ్చుకొని కువైట్‌కో, ఖతర్‌కో వెళతాడు. రెండేళ్ళు కష్టపడి వచ్చేస్తానని తల్లికి మాట ఇస్తాడు. మొదటి రెండేళ్ళు అప్పు తీర్చడానికే సరిపోతాయి. తరువాత చెల్లెలి పెళ్ళి, ఆ తరువాత ఇంటి స్లాబు, ఆ తరువాత తండ్రి ఆపరేషను. ఒక్కొక్క అవసరం అతణ్ణి మరో రెండేళ్ళు అక్కడ ఉంచేస్తుంది. అతను ఊరికి తిరిగి వచ్చేసరికి ఇరవై ఏళ్ళు గడిచిపోతాయి. ఇల్లు కట్టాడు, నిజమే. కాని ఏ పనిలో చేరాడో అదే పని తప్ప వేరే పని నేర్చుకోలేదు. పదో తరగతి దగ్గర ఆగిన చదువు అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు కొడుకు వీసా కోసం అతను మళ్ళీ అదే ఏజెంటు గుమ్మం ఎక్కుతున్నాడు.

అతని త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కుటుంబ పోషణ కోసం చెమటోడ్చడాన్ని ఇస్లాం ఆరాధనగా పరిగణిస్తుంది. లోపమల్లా ఒకటే. ఆ ఇరవై ఏళ్ళ గురించి అతను ఎన్నడూ ఒకచోట కూర్చొని ఆలోచించలేదు. సంవత్సరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి అతణ్ణి దాటిపోయాయి.

అవే ఇరవై ఏళ్ళను మరొక వ్యక్తి ముందే లెక్క కట్టుకొని, కాగితం మీద మాట రాసి ఇచ్చి గడిపాడు. ఆయన మన హైదరాబాదులోనే పుట్టాడు. పదేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆయనే భారతదేశపు మూడవ రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్. రాష్ట్రపతి భవనానికి చేరిన ముస్లింగానే చాలామందికి ఆయన తెలుసు. ఆ భవనం గడప తొక్కక ముందు ఆయన తనను తాను ఎలా తీర్చిదిద్దుకున్నారో తెలుసుకోవడం మనకు ఎక్కువ అవసరం.

తండ్రి లేని బాల్యం

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వారి పూర్వీకులు ఆఫ్రిదీ పఠాన్లు. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌లో స్థిరపడ్డారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ బతుకుతెరువు కోసం హైదరాబాదు వచ్చి న్యాయశాస్త్రం చదివి, వకీలుగా మంచి పేరూ సంపదా గడించారు. ఏడుగురు కుమారుల్లో జాకిర్ మూడవవాడు. 1907లో తండ్రి చిన్న వయసులోనే కన్నుమూశారు. కుటుంబం హైదరాబాదు విడిచి ఖాయంగంజ్ చేరుకుంది.

పిల్లల్ని ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్చారు. మౌల్వీ బషీరుద్దీన్ నెలకొల్పిన ఆ పాఠశాలలో విలాసాలకు చోటు లేదు. అయిదు పూటలా నమాజు, ముతక బట్టలు, సాదా భోజనం, వేళకు చదువు. కలిగిన ఇంట పుట్టిన పిల్లవాడికి అది కొత్త లోకం. హెడ్మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుసేన్ గారి శిక్షణలో జాకిర్‌కు క్రమశిక్షణ అలవడింది. బాల్కన్ యుద్ధాలు సాగుతున్న ఆ రోజుల్లో టర్కీ బాధితుల కోసం చందాలు పోగు చేయడానికి తిరిగిన విద్యార్థుల్లో ఆయన కూడా ఒకరు. తన చదువుకూ సముదాయం కష్టసుఖాలకూ సంబంధం ఉందన్న స్పృహ ఆయనకు అక్కడే కలిగింది.

1911లో ప్లేగు మహమ్మారి వారి ఇంటిపై విరుచుకుపడింది. తల్లి నాజ్నీన్ బేగం మరణించారు. అప్పటికి జాకిర్ వయసు పద్నాలుగేళ్ళు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలు చెడిపోవడానికి ఎన్నో సాకులు ఉంటాయి. ఈ సోదరులు చదువును పట్టుకొని వేలాడారు. తమ్ముడు యూసుఫ్ హుసేన్ తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులై చరిత్రకారుడిగా పేరు పొందారు. మరో తమ్ముడు మహమూద్ హుసేన్ పాకిస్తాన్‌లో విద్యామంత్రిగా, ఢాకా, కరాచీ విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. అనాథ బాల్యం మనిషిని క్రుంగదీయగలదు, నిలబెట్టనూగలదు. ఇస్లాం ప్రవక్త (స) కూడా అనాథగానే పెరిగారన్న విషయం ప్రతి అనాథ బిడ్డకూ ఓదార్పు.

ఒక తలుపు మూసుకున్నప్పుడు

1913లో జాకిర్ హుసేన్ అలీగఢ్‌లోని మొహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరారు. డాక్టరు కావాలని ఆయన కోరిక. అందుకే విజ్ఞాన శాస్త్రం తీసుకున్నారు. ఇంటరు పూర్తయ్యాక బి.ఎస్సీ. కోసం లక్నో క్రిస్టియన్ కళాశాలలో చేరారు. కాని తీవ్రంగా జబ్బుపడి చదువు మానవలసి వచ్చింది. అమూల్యమైన కాలం పోయింది. వైద్యుడు కావాలన్న ఆశ కూడా దానితోపాటే పోయింది.

మన పిల్లల్లో ఎంతోమంది ఇక్కడే ఆగిపోతారు. ప్రవేశ పరీక్షలో సీటు రాకపోతే జీవితమే పోయిందనుకుంటారు. జాకిర్ హుసేన్ అలా అనుకోలేదు. అలీగఢ్‌కు తిరిగి వచ్చి ఆంగ్ల సాహిత్యం, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం తీసుకొని 1918లో బి.ఏ. పూర్తి చేశారు. ఆ తరువాత అర్థశాస్త్రంలో ఎం.ఏ., దానితోపాటు న్యాయశాస్త్రం చదవసాగారు. దారి మార్చుకున్నారే గాని నడక ఆపలేదు. అల్లాహ్ ఆయనను మందులిచ్చే వైద్యుడిగా చేయదలచలేదు, ఒక తరానికి చదువు చెప్పే పనికి ఎన్నుకున్నాడు. ఆ సంగతి ఆనాడు ఆయనకు తెలియదు. మనకూ మన విషయంలో తెలియదు. తెలియనంత మాత్రాన కూర్చుండిపోకూడదు.

ఉన్న అర్హత చాలదని గ్రహించడం

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాసంస్థలను విడిచిపెట్టమని పిలుపునిచ్చారు. ఆ రోజు జాకిర్ హుసేన్ ఆరోగ్య పరీక్ష కోసం ఢిల్లీ వెళ్ళి ఉన్నారు. తిరిగి వచ్చేసరికి కొందరు విద్యార్థులు ఆ నాయకుల్ని ఎగతాళి చేసిన సంగతి విని సిగ్గుపడ్డారు. వెంటనే ఢిల్లీ వెళ్ళి హకీమ్ అజ్మల్ ఖాన్ తదితర పెద్దలను కలుసుకొని, జాతీయ విద్యాసంస్థ ఒకటి స్థాపిస్తే విద్యార్థులూ అధ్యాపకులూ వచ్చి చేరతారని హామీ ఇచ్చారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్ కళాశాల మసీదులో షైఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియాకు అంకురార్పణ జరిగింది. జాకిర్ హుసేన్ చదువు మధ్యలో వదలి ఆ సంస్థలో చేరారు. తన జీవితంలో తెలిసి తీసుకున్న మొదటి నిర్ణయం అదేనని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

అది ఆవేశంలో తీసుకున్న నిర్ణయమని ఎవరైనా అనవచ్చు. నిజానికి ఆవేశంతో సంస్థ పుడుతుంది గాని నిలబడదు. గుడారాల్లో, అద్దె ఇళ్ళల్లో రెండేళ్ళపాటు పాఠాలు చెప్పిన జాకిర్ హుసేన్‌కు ఈ సత్యం త్వరగానే బోధపడింది. విద్యాసంస్థను నడపాలంటే తనకున్న అర్హత చాలదు. నేర్చుకోవలసింది ఎంతో ఉంది. 1922లో ఆయన జర్మనీ వెళ్ళి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటికే ఆయన వివాహితుడు, ఉపాధ్యాయుడు. చదువుకునే వయసు దాటిపోయిందని సరిపెట్టుకోవడానికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి.

బెర్లిన్‌లో ఆయన కాలాన్ని ఎలా వాడుకున్నారో గమనించండి. బ్రిటిషు ఇండియా వ్యవసాయ వ్యవస్థపై పరిశోధన చేసి 1926లో డాక్టరేటు పొందారు. అది ఆయన అక్కడికి వెళ్ళిన పని. దానితో ఊరుకోలేదు. జర్మన్ విద్యావేత్తలు చేతిపనికీ చదువుకూ ముడిపెట్టి పిల్లలకు ఎలా నేర్పుతున్నారో శ్రద్ధగా పరిశీలించారు. కావియానీ ముద్రణాలయంలో అక్షరాలు కూర్చే పని స్వయంగా నేర్చుకొని, గాలిబ్ కవితా సంపుటి దీవాన్ అచ్చు వేయించారు. ఆ పుస్తకానికి కొంత భాగం ఆయనే అక్షరాలు కూర్చారు. అధ్యాపకుడైన వ్యక్తి కంపోజింగు పని నేర్చుకోవడం తన స్థాయికి తక్కువ అనుకోలేదు. ప్లేటో గ్రంథం రిపబ్లిక్‌ను, అర్థశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదించింది కూడా ఈయనే. తల్లిభాషలో చదువు చెప్పే సంస్థకు తల్లిభాషలో పుస్తకాలు కావాలని ఆయనకు తెలుసు. ఏది నేర్చినా, ఏది రాసినా, తాను తిరిగి వెళ్ళవలసిన చోటు ఆయన కళ్ళ ముందు ఉండేది.

ఇరవై ఏళ్ళ ఒప్పందం

ఆయన జర్మనీలో ఉండగానే ఇక్కడ పరిస్థితులు తారుమారయ్యాయి. 1922లో సహాయ నిరాకరణ ఉద్యమం ఆగిపోయింది. 1924లో టర్కీలో ఖిలాఫత్‌నే రద్దు చేశారు. ఖిలాఫత్ కమిటీ నుంచి జామియాకు వచ్చే డబ్బు నిలిచిపోయింది. సంస్థను మూసివేయాలన్న మాట పెద్దల నోటే వచ్చింది. బెర్లిన్‌లో ఈ వార్త విన్న జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ అనే ముగ్గురు మిత్రులు, తాము జీవితాలు అంకితం చేయడానికి సిద్ధమనీ, తాము వచ్చేదాకా జామియాను మూయవద్దనీ కబురు పంపారు. హకీమ్ అజ్మల్ ఖాన్ తన సొంత డబ్బు పోసి సంస్థను బతికించారు. 1925లో అది అలీగఢ్ నుంచి ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు మారింది. 1926లో ముగ్గురు మిత్రులూ తిరిగి వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ జాకిర్ హుసేన్ షైఖుల్ జామియా, అంటే వైస్ చాన్సలర్ అయ్యారు.

జర్మనీ డాక్టరేటు ఉన్న వ్యక్తికి ఆ రోజుల్లో పెద్ద ఉద్యోగాలకు కొదువ లేదు. ఆయన చేరింది మాత్రం జీతం ఎప్పుడు వస్తుందో తెలియని సంస్థలో. 1927 డిసెంబరులో హకీమ్ అజ్మల్ ఖాన్ మరణించడంతో ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది. ఇక జామియా మూతపడక తప్పదని అందరూ అనుకున్నారు.

అప్పుడు 1928లో జరిగిన సంగతే ఈ వ్యాసానికి ప్రాణం. జాకిర్ హుసేన్ నాయకత్వంలో పదకొండు మంది అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడి రాతపూర్వకంగా ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్ళపాటు జామియాకు సేవ చేస్తామనీ, నెలకు 150 రూపాయలకు మించి జీతం కోరబోమనీ దాని సారాంశం. ఆయన తీసుకున్నది అంతకంటే తక్కువే. ఆ కాస్త కూడా నెలల తరబడి చేతికి అందని రోజులున్నాయి.

ఆ ప్రతిజ్ఞలో మూడు విషయాలు స్పష్టంగా కనిపిస్తాయి. గడువు ఉంది: ఇరవై ఏళ్ళు. హద్దు ఉంది: 150 రూపాయలు. గమ్యం ఉంది: జామియా తన కాళ్ళపై తాను నిలబడాలి. చాలామంది జీవితాంతం సేవ చేస్తామని గొప్పగా చెప్పి ఆరు నెలలకు మానేస్తారు. ఈ పదకొండు మందీ తాము మోయగలిగినంత బరువును కొలిచి మరీ భుజానికి ఎత్తుకున్నారు.

ఆపైన పని మొదలైంది. ఒకరిద్దరు ధనవంతుల దయపై బతికే సంస్థ వారితోపాటే మరణిస్తుందని హకీమ్ గారి మరణం నేర్పింది. అందుకే కొద్దికొద్దిగా చందా ఇచ్చే సామాన్యులను వెతికి, హమ్‌దర్దానె జామియా పేరుతో ఒక శ్రేయోభిలాషుల బృందాన్ని కూడగట్టారు. అణా ఇచ్చినవాడికీ అది తన సంస్థే అయింది. 1935 మార్చి 1న ఢిల్లీ శివార్లలోని ఓఖ్లాలో సొంత భవనానికి పునాదిరాయి వేశారు. ఆ రాయి వేయడానికి నవాబునో మంత్రినో పిలవలేదు. పాఠశాలలోని అందరికంటే చిన్న పిల్లవాడి చేత వేయించారు. 1937లో వార్ధాలో జరిగిన జాతీయ విద్యా సదస్సు, చేతిపని ఆధారంగా సాగే ప్రాథమిక విద్యకు రూపకల్పన చేసే కమిటీకి ఆయనను అధ్యక్షుడిగా నియమించింది. బెర్లిన్‌లో నేర్చుకున్న విద్య పదిహేనేళ్ళకు దేశం మొత్తానికి అక్కరకు వచ్చింది.

పరీక్షా ఘడియలు

ప్రణాళిక వేసుకున్నంత మాత్రాన జీవితం మనం గీసిన గీత మీదనే నడవదు. ఒక రోజు జామియా ప్రాథమిక పాఠశాలలో పరీక్షా ఫలితాల సందర్భంగా ఆయన పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. ఆయన చిన్నారి కూతురు ఇంట్లో జబ్బుగా ఉంది. పరిస్థితి విషమించిందని ఒకరు వచ్చి చెవిలో చెప్పారు. కొంతసేపటికి బిడ్డ కన్నుమూసిందన్న కబురు వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది గాని చేయి ఆగలేదు. పిల్లల సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక చివరి పిల్లవాడికి కూడా మిఠాయి అందించాకే ఇంటికి వెళ్ళారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. ప్రతి తండ్రీ అలాగే చేయాలని ఎవరూ చెప్పలేరు. తన బిడ్డల్లాంటివారే అయిన ఆ పిల్లల ముందు తన దుఃఖాన్ని అణచుకోగలగడం ఒక్క రోజులో అలవడే గుణం కాదని మాత్రం చెప్పగలం.

ఆ ఇరవై ఏళ్ళ భారం ఆయన ఒక్కరే మోయలేదు. భార్య షాజహాన్ బేగం కూడా మోశారు. తక్కువ జీతంతో, కొన్నిసార్లు జీతమే లేకుండా ఇల్లు నడిపింది ఆమే. మగవాడి ప్రణాళికలో ఇంటి ఇల్లాలి వంతు ఎంత ఉంటుందో మనం తరచూ మరచిపోతాము.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం మతకలహాలతో మండుతున్న సమయమది. అయినా నెహ్రూ, మౌలానా ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఒకే వేదికపై కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడని నాయకులను ఒకచోట కూర్చోబెట్టగలిగింది, ఏ పక్షానికీ అమ్ముడుపోని ఒక ఉపాధ్యాయుడి పట్ల ఉన్న గౌరవమే. ఆయన వారిని ఈ మంటలు ఆర్పమని వేడుకున్నారు. మంటలు ఆగలేదు. 1947లో కాశ్మీర్ వెళుతూ జలంధర్ స్టేషనులో ఆయనే అల్లరిమూకల చేతికి చిక్కారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ప్రాణం కాపాడారు. అదే ఏడాది కరోల్ బాగ్‌లోని జామియా పుస్తకాలు, ఆస్తులు లూటీ అయ్యాయి. ఏళ్ళ తరబడి కూడబెట్టింది బూడిదైంది. తుఫాను తరువాత కోనసీమ రైతు చేసిన పనే ఆయనా చేశారు. మళ్ళీ మొదలుపెట్టారు.

గడువు ముగిసింది

1948 వచ్చింది. మాట ఇచ్చిన ఇరవై ఏళ్ళూ పూర్తయ్యాయి. జామియా నిలబడింది. ఆ ఏడాది నవంబరులో ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ బాధ్యత స్వీకరించారు. విభజన తరువాత దిక్కుతోచని స్థితిలో ఉన్న ఆ విశ్వవిద్యాలయాన్ని 1956 దాకా నడిపించారు. యువకుడిగా తాను చదువు వదిలి బయటికి వచ్చిన సంస్థను కాపాడడానికే అల్లాహ్ ఆయనను తిరిగి అక్కడికి చేర్చాడు.

మిగిలినది అందరికీ తెలిసినదే. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. ఈ పదవులేవీ 1928 నాటి కాగితంలో లేవు. ఆయన వాటి కోసం పథకం వేయలేదు. తాను ఏ పనికి యోగ్యుడు కావాలో ఆ పనికి యోగ్యుడు కావడానికి పథకం వేశారు. 1969 మే 3న, పదవిలో ఉండగానే ఆయన పరమపదించారు. అంత్యక్రియలు జామియా ప్రాంగణంలోనే జరిగాయి. ఇరవై ఏళ్ళు ధారపోసిన నేలలోనే ఆయన సమాధి ఉంది.

ప్రణాళిక వేస్తే తవక్కుల్‌కు లోటా?

ముందుచూపుతో లెక్కలు వేసుకోవడం అల్లాహ్‌పై నమ్మకానికి విరుద్ధమని కొందరు సోదరులు పొరబడుతుంటారు. దైవప్రవక్త (స) మక్కా నుంచి మదీనాకు వలస వెళ్ళిన తీరు ఒక్కసారి గుర్తు చేసుకోండి. హజ్రత్ అబూబకర్ (రజి) నెలల ముందు నుంచే రెండు ఒంటెలను మేపి సిద్ధంగా ఉంచారు. మదీనా ఉత్తరాన ఉంటే, శత్రువులు ఊహించని విధంగా దక్షిణాన ఉన్న సౌర్ గుహలో మూడు రోజులు ఆగారు. ఆహారం తెచ్చేవారు, వార్తలు తెచ్చేవారు, మేకలను తోలి అడుగుజాడలు చెరిపేసేవారు ముందే నియమితులయ్యారు. దారి బాగా తెలిసిన వాడు కనుక ముస్లిం కాని ఒక మార్గదర్శిని జీతానికి కుదుర్చుకున్నారు. ఇంత ఏర్పాటు చేసినవారే గుహ ముఖద్వారం దాకా శత్రువులు వచ్చినప్పుడు అల్లాహ్ తోడుపై నిశ్చింతగా ఉన్నారు. చేయవలసింది చేశాక కలిగే నిశ్చింతే తవక్కుల్. ఏమీ చేయకుండా కలిగేది బద్ధకం.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడేళ్ళ కరవు రాకముందు ఏడేళ్ళ పంటను ఎలా దాచాలో రాజుకు చెప్పిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. రేపటి కోసం ఏమి పంపుకున్నాడో ప్రతి మనిషీ చూసుకోవాలని కూడా ఖుర్ఆన్ విశ్వాసులను హెచ్చరిస్తుంది. ఆ రేపు ముందుగా పరలోకమే. కాని పరలోక పంట పండేది ఈ లోకపు పొలంలోనే కదా! యౌవనాన్ని ఎక్కడ ఖర్చు చేశావు, సంపదను ఎలా గడించావు, తెలిసిన విద్యను ఎలా ఆచరించావు అన్న ప్రశ్నలకు ప్రళయదినాన జవాబు చెప్పుకోవలసిన మనం, ఆ లెక్కను ఇక్కడే రాసుకోవడం మేలు.

మన సంగతేమిటి?

పాఠక సోదర సోదరీమణులారా! జాకిర్ హుసేన్ గారికున్న తెలివితేటలు అందరికీ ఉండవు. కాని ఆయన చేసిన కొన్ని పనులు మనలో ఎవరైనా చేయగలిగినవే.

మొదటిది సంకల్పం, అంటే నియ్యత్. నేను ఎదగడం ఎవరి కోసం? నా కుటుంబంతోపాటు నా ఊరికీ, నా సముదాయానికీ అందులో వాటా ఉందా? నియ్యత్ సరైనదైతే వెల్డింగు నేర్చుకోవడం కూడా పుణ్యకార్యమే అవుతుంది.

రెండవది గడువు. గల్ఫ్ వెళ్ళే సోదరుడు విమానం ఎక్కకముందే భార్యతో, తల్లిదండ్రులతో కూర్చొని ఒక కాగితంపై రాసుకోవాలి. ఎన్నేళ్ళు ఉంటాను? అప్పు ఏ సంవత్సరానికి తీరుతుంది? తిరిగి వచ్చి ఏ పని చేస్తాను? ఆ పనికి కావలసిన పెట్టుబడి ఎంత? మధ్యలో అవసరాలు రావని కాదు. వచ్చినప్పుడు ఎన్ని నెలలు పొడిగిస్తున్నామో తెలిసి పొడిగించుకుంటాము.

మూడవది, ఏటా ఒక కొత్త నేర్పు. వెళ్ళేముందు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ పనో, ఏ.సి. మరమ్మతో నేర్చుకొన్నవాడికీ, ఏమీ తెలియకుండా వెళ్ళినవాడికీ జీతంలోనే కాదు, దక్కే గౌరవంలో కూడా తేడా ఉంటుంది. అక్కడ ఉన్నన్నాళ్ళూ అరబ్బీ మాట్లాడడంతో సరిపెట్టుకోకుండా చదవడం కూడా నేర్చుకుంటే, సంపాదనతోపాటు ఖుర్ఆన్ అర్థం కూడా దగ్గరవుతుంది. చదువు ఆగిపోయినవారు ఓపెన్ స్కూలు ద్వారా పది, ఇంటరు పూర్తి చేయవచ్చు. సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చదవవచ్చు. పెళ్ళయిందనో, పిల్లలున్నారనో చదువు మానుకున్న మన సోదరీమణులకు కూడా ఈ దారి తెరిచే ఉంది. జాకిర్ హుసేన్ బెర్లిన్ వెళ్ళేనాటికి వివాహితుడేనని మరచిపోవద్దు.

నాలుగవది ఆత్మపరిశీలన. రోజూ ఇషా నమాజు తరువాత అయిదు నిమిషాలు, రంజాను మాసంలో ఒక పూట, కాగితం తీసి చూసుకోవాలి. నిరుడు రాసుకున్నదానిలో ఎంత చేశాను? చేయలేనిది నా బద్ధకం వల్లనా, పరిస్థితి వల్లనా? బద్ధకమైతే తౌబా చేసి మళ్ళీ మొదలుపెట్టాలి. పరిస్థితి అయితే, వైద్యవిద్య తలుపు మూసుకున్నప్పుడు ఆ యువకుడు చేసినట్లు, మరో తలుపు వెతుక్కోవాలి.

ఇరవై ఏళ్ళు అందరికీ గడుస్తాయి. రాసుకున్నవాడికీ, రాసుకోనివాడికీ కాలం ఒకే వేగంతో నడుస్తుంది. ఈ రోజు కొబ్బరి మొక్క నాటకపోతే ఆరేడేళ్ళ తరువాత కూడా ఆ స్థలం ఖాళీగానే ఉంటుంది. ఈ నెల పత్రిక మూసేలోపు ఒక కాగితం, ఒక కలం తీసుకోండి. పైన బిస్మిల్లాహ్ రాయండి. కింద మీ వయసు రాసి, దానికి ఇరవై కలిపి చూడండి. ఆ వయసుకు ఎలాంటి మనిషిగా అల్లాహ్ ముందు నిలబడాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆపైన ఈ ఏడాది నేర్చుకోబోయేది ఒక్కటి రాయండి. అక్కడితో మీ మొక్క నాటినట్లే.

అల్లాహ్ మన కాలంలో శుభం కలిగించుగాక! మనకు ప్రయోజనకరమైన విద్యను, దానిని ఆచరించే శక్తిని, ఇచ్చిన మాట నిలుపుకునే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.